సాగర్‌లో నీళ్లుండగా మా అపార్ట్‌మెంట్‌లో కోత ఎందుకు?

మీరు రాసింది కుదించి చెప్తే సంగతి ఇదీ. హైదరాబాద్ వనస్థలిపురంలో ఐదంతస్తులు, అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఈసారి వానలు సరిగా పడలేదు. రెండు బోర్లలో ఒకటి ఎండిపోయింది, రెండోది అరగంట నడిస్తే గాలి కొడుతోంది. అసోసియేషన్ వాళ్లు పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మాత్రమే నీళ్లు వదులుతున్నారు. సగం మంది దీనికి ఒప్పుకోవడం లేదు. "నాగార్జునసాగర్‌లో ఇంకా వందకు పైగా టీఎంసీలున్నాయి, సిటీకి ఏడాదికి పదహారు చాలు, మరి ఈ కోత దేనికి" అని వాళ్ల వాదన. ఒకాయన గండిపేట నిండితే అంతా సర్దుకుంటుందన్నారట. కొత్త బోరు వేయాలా, నల్లా కూడా ఆగిపోతుందా అని మీ టెన్షన్.

నేను నీటి సరఫరా పనుల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు తెలిసినవాళ్ల అపార్ట్‌మెంట్లకు నీళ్ల లెక్కలు చూసిపెడుతుంటాను. అడిగినదానికి ముందు సూటిగా జవాబు చెప్తాను. వాడకం తగ్గించాలన్న మీ అసోసియేషన్ ఆలోచన సరైనదే, కానీ గంటలు పెట్టి ఆపడం మంచి పద్ధతి కాదు. కొత్త బోరు ఇప్పుడు వద్దు. సాగర్ మట్టం తగ్గినంత మాత్రాన మీ నల్లా ఆగిపోదు, వచ్చే నీళ్లు మాత్రం తగ్గవచ్చు. అందరూ సాగర్ వైపు చూస్తున్నారు గానీ, మీ కొరత మొదలైంది మీ సెల్లార్ కింద.

హైదరాబాద్‌లో మనం రెండు వేర్వేరు నీళ్ల మీద బతుకుతున్నాం. నల్లాలో వచ్చేది ఎక్కడో దూరాన కురిసిన వాన. బోరులో వచ్చేది మన నెత్తిన కురిసిన వాన. ఈ రెండూ ఒకే ఏడాది బాగుండాలని లేదు, ఒకే ఏడాది పాడవ్వాలనీ లేదు. ఈ తేడా మీ మీటింగులో అందరికీ అర్థమైతే సగం గొడవ తీరుతుంది.

సాగర్ లెక్క ముందు తేల్చుకుందాం, ఎందుకంటే వాదించేవాళ్ల చేతిలో ఉన్నది ఆ అంకే. ఎల్బీనగర్, వనస్థలిపురం వైపు నల్లాల్లో వచ్చేది ఎక్కువగా కృష్ణా నీళ్లు. సాగర్ జలాశయం నుంచి పుట్టంగండి దగ్గర తోడి అక్కంపల్లి రిజర్వాయర్‌లో పోస్తారు. కోదండాపూర్‌లో శుద్ధి చేసి, అక్కడి నుంచి చాలా దూరం పైపుల్లో సాహెబ్‌నగర్ దాకా తెస్తారు. సాగర్ నిండుగా ఉన్నప్పుడు కూడా దాని మట్టం సముద్రానికి 180 మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. మన ఊరు 500 మీటర్ల పైన ఉంది. అంటే మీ సంపులో పడే నల్లా నీళ్లన్నీ కరెంటు ఖర్చుపెట్టి మూడు వందల మీటర్లకు పైగా ఎత్తి తెచ్చినవే. ఆ పంపింగ్ స్టేషన్లలో కరెంటు ట్రిప్ అయితే నగరంలో చాలాచోట్ల నల్లా వేళ తప్పేది అందుకే.

ఈ పథకం మొదటి దశ 2004 ప్రాంతంలో, రెండోది 2008లో, మూడోది 2015లో వచ్చాయి. ఒక్కో దశకు రోజుకు 90 మిలియన్ గ్యాలన్లు (ఎంజీడీ), ఏడాదికి 5.5 టీఎంసీలు. మూడూ కలిపి 16.5 టీఎంసీలు. మీ వాళ్లు చెప్పిన పదహారు ఇదే. ఒక టీఎంసీ అంటే సుమారు 2,831 కోట్ల లీటర్లు కాబట్టి వందకు పైగా టీఎంసీలని పేపర్లో చదివితే ధీమాగా అనిపించడం సహజమే.

కానీ డ్యామ్ దగ్గర పనిచేసేవాళ్లు ముందు టీఎంసీలు చూడరు, అడుగులు చూస్తారు. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అప్పుడు నిల్వ 312 టీఎంసీలు. మట్టం 510 అడుగులకు పడిపోయినా లోపల ఇంకా దాదాపు 130 టీఎంసీలు ఉంటాయి. అయితే పుట్టంగండి దగ్గర నీళ్లు తోడే ఏర్పాటు సజావుగా పనిచేసేది ఆ 510 వరకే. మీ సంపులో ఫుట్‌వాల్వు అడుగు నుంచి కాస్త పైన ఉంటుంది కదా, దాని కింద నీళ్లు కనిపిస్తున్నా మోటారుకు అందవు. ఇదీ అంతే. పైగా ఆ నీళ్లన్నీ మనవి కావు. కుడి కాలువ, ఎడమ కాలువ కింద రెండు రాష్ట్రాల ఆయకట్టు, దారిలో ఎన్నో ఊళ్ల తాగునీళ్లు దాని మీదే ఆధారపడ్డాయి.

మట్టం 510 దగ్గరికి వస్తే, నగరానికి నీళ్లిచ్చే జలమండలి అదనపు పంపులు పెట్టి ఎమర్జెన్సీ పంపింగ్ చేస్తుంది. 2024 ఏప్రిల్‌లో అదే జరిగింది. దానికి ముందు ఏడాది ఎల్‌నినో వచ్చింది. 1901 నుంచి చూస్తే దేశంలో అంత పొడిగా గడిచిన ఆగస్టు 2023దే. కృష్ణకు వరద రాలేదు. ఈ నది పశ్చిమ కనుమల్లో, మహాబలేశ్వరం దగ్గర పుడుతుంది. అక్కడ బాగా కురిసి, దారిలోని డ్యాములు ఆల్మట్టి, నారాయణపూర్ నిండి, జూరాల దాటి, శ్రీశైలం నిండితేనే సాగర్‌కు నీళ్లు దిగుతాయి. హైదరాబాద్ రోడ్లు మునిగేంత వాన పడినా సాగర్‌కు దానివల్ల ఒరిగేదేమీ లేదు. అందుకే సాగర్ మట్టం గురించి ముందే అంచనా కావాలంటే జూలై, ఆగస్టుల్లో ఆల్మట్టి ఇన్‌ఫ్లో వార్త చూడండి. మన వీధిలో వాన కంటే అది ఎక్కువ చెప్తుంది. సాగర్ అడుగు నీళ్లు కూడా తోడుకోవడానికి సుంకిశాల దగ్గర నీళ్లు తోడే కొత్త బావి (ఇన్‌టేక్ వెల్) మొదలుపెట్టారు. 2024 ఆగస్టులో అక్కడ రక్షణ గోడ కూలింది. అలాంటివి పూర్తయ్యేదాకా ప్రతి కరువు ఏడాదీ ఆ 510 అంకె దగ్గర మనకు గుండె దడ తప్పదు.

గండిపేట మాటకు వస్తే, దానికి దండం పెట్టాల్సిందే గానీ దాని మీద లెక్క వేసుకోకూడదు. 1908లో మూసీ వరద వచ్చాక కట్టిన రెండు చెరువుల్లో అదొకటి. గండిపేట అని మనం పిలిచే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మొదటిది 3.9 టీఎంసీలు, రెండోది దాదాపు 3. రెండూ నిండినా ఏడు టీఎంసీలకు అటూఇటూ, అంటే కృష్ణా కోటాలో సగం కూడా కాదు. అప్పటి ఊరికి అవి సరిపోయాయి, ఇప్పటి ఊరికి ఓ మూలకు మాత్రమే. అలాగని వాటి చుట్టూ కట్టడాలు పెరిగినా ఫర్వాలేదని నా ఉద్దేశం కాదు. 1996లో 111 జీవో తెచ్చింది ఆ నీళ్లు వచ్చే దారుల్ని కాపాడటానికే. పైసా కరెంటు లేకుండా పల్లానికి వచ్చే నీళ్లు అవి, ఈ ఊరికి అంత చవకైన నీళ్లు ఇంకెక్కడా లేవు.

ఇక 2016 వేసవి గుర్తు చేసుకోండి. గండిపేట, హిమాయత్‌సాగర్, సింగూరు, మంజీరా నాలుగూ ఎండాయి. అదే మంజీరా నది మీద పైన ఉన్న లాతూరుకు ఆ ఏడాది మిరజ్ నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. మనకు రైలు అక్కర్లేకపోయింది. కృష్ణా మూడో దశ అప్పటికే వచ్చింది, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు కూడా సరిగ్గా ఆ సమయానికే అందాయి. ఒక నది మొండిచెయ్యి చూపిస్తే రెండోది ఆదుకునే ఏర్పాటు ఉన్నంతవరకు నల్లాలు మొత్తంగా బంద్ అయ్యే పరిస్థితి చాలా అరుదు. మీ టెన్షన్‌లో ఆ భాగాన్ని పక్కన పెట్టవచ్చు.

అయితే కోత రాదని కాదు. నల్లాకు కోత వచ్చేటప్పుడు అది పేపర్లో పెద్ద ప్రకటనగానే రావాలని లేదు. రెండు గంటలు వచ్చేది గంటన్నర అవుతుంది. ప్రెషర్ పడిపోతుంది. రోజు విడిచి రోజు వచ్చేది ఒకసారి తప్పి మూడో రోజుకు వస్తుంది. దీని దెబ్బ ముందు తగిలేది లైను చివర ఉన్నవాళ్లకు, ఎత్తు మీద ఉన్న కాలనీలకు. మీ లైన్‌మన్‌తో మర్యాదగా మాట్లాడి, మీ వీధి లైను మొదట్లో ఉందా చివర ఉందా, మీ వాల్వు ఎన్నింటికి తిప్పుతాడు, ఎన్నింటికి కడతాడు అని కనుక్కోండి. పేపర్లో డ్యామ్ వార్తల కంటే ఈ సమాచారం మీకు పది రెట్లు పనికొస్తుంది.

ఇక్కడే ఒక మాట. నల్లా పైపుకు నేరుగా మోటారు బిగించి లాగేవాళ్లు మీ వీధిలో ఉంటే ఊరుకోకండి. వాళ్లు తమ వంతుకు మించి తీసుకోవడం ఒక నష్టం, కానీ అసలు ప్రమాదం వేరే ఉంది. ప్రెషర్ తక్కువున్న లైనును మోటారుతో పీలిస్తే, ఎక్కడ జాయింటు వదులుగా ఉంటే అక్కడి నుంచి పక్కనున్న డ్రైనేజీ నీళ్లు లోపలికి వస్తాయి. ఆ నీళ్లు తాగేది వీధంతా. పిల్లలకు విరేచనాలు, కామెర్లు వచ్చేది ఇలాగే. 2025 వేసవిలో జలమండలి దీని మీద ప్రత్యేకంగా డ్రైవ్ పెట్టి, మోటార్లు స్వాధీనం చేసుకుని 5,000 రూపాయల జరిమానా వేసింది. 155313కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. పొరుగువాళ్లతో గొడవెందుకని చాలామంది మౌనంగా ఉంటారు. ఈ ఒక్క విషయంలో మౌనంగా ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు మీ అపార్ట్‌మెంట్ లెక్క. అరవై ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు అనుకుంటే 240 మంది. మనిషికి రోజుకు 135 లీటర్లనేది మన దేశంలో నగరాలకు వాడే ప్రమాణం. అంటే రోజుకు 32,400 లీటర్లు కావాలి. 2021 నుంచి అమల్లో ఉన్న ఉచిత నీళ్ల పథకం ప్రకారం ఫ్లాటుకు నెలకు 20,000 లీటర్లు. అరవై ఫ్లాట్లకు రోజుకు 40,000 పడుతుంది. కాగితం మీద చూస్తే మీకు బోరే అక్కర్లేదు.

మరి ఆ నీళ్లన్నీ మీ సంపులోకి వస్తున్నాయా? మీ కనెక్షన్ రెండు అంగుళాల పైపు అనుకుందాం. మంచి ప్రెషర్ ఉన్నా దానిలోంచి గంటకు 14, 15 వేల లీటర్ల కంటే రావు. రెండు గంటలు వదిలితే ముప్పై వేలు. రోజు విడిచి రోజు కాబట్టి రోజుకు పదిహేను వేలు. మీ అవసరంలో అది సగం కూడా కాదు. మిగతా పదిహేడు వేలు ఇన్నేళ్లూ ఎవరూ గమనించకుండా ఆ రెండు బోర్లే ఇచ్చాయి. ఒకటి ఎండి, రెండోది మూలుగుతోంది కాబట్టి ఇవాళ మీకు కొరత. సాగర్ నిండుగా పొంగుతున్నా మీకు ఈ కొరత ఉండేది. 2024లో బెంగళూరులో కూడా బోర్ల మీద, ట్యాంకర్ల మీద బతికే శివార్లే ముందు విలవిల్లాడాయి, కావేరి నీళ్లు అందే పాత పేటలు అంతగా ఇబ్బంది పడలేదు.

నేను వేసినవి అంచనాలు. మీరు అసలు అంకె పట్టుకోండి. నల్లా వచ్చే ముందు మీటర్ రీడింగ్, ఆగాక మీటర్ రీడింగ్, రెండూ నోట్‌బుక్‌లో రాయించండి. మీటర్ పాడైతే వెంటనే మార్పించండి. మీటర్ నడవకపోతే, ఆధార్ లింకు కాకపోతే ఉచిత కోటా కూడా దక్కదు. బిల్లు మీద క్యాన్ నంబర్ (మీ కనెక్షన్ నంబర్) చూసుకుని అన్ని ఫ్లాట్లూ లింకయ్యాయో లేదో కూడా కనుక్కోండి. ప్రతి అపార్ట్‌మెంట్‌లో నాలుగైదు ఫ్లాట్లు అద్దెవాళ్లు, ఓనర్లు ఒకరి మీద ఒకరు వదిలేసి ఎవరూ లింకు చేయకుండా ఉండిపోతాయి.

సంపు విషయం మరీ ముఖ్యం. చాలా అపార్ట్‌మెంట్లలో సంపు ఒక్కటే, అందులోకి బోరు నీళ్లూ నల్లా నీళ్లూ కలిపి వదులుతారు. వాచ్‌మన్ రాత్రే బోరు వేసి సంపు నింపుతాడు. తెల్లారి నల్లా వచ్చేసరికి సంపులో చోటుండదు, ఫ్లోట్ వాల్వు మూసుకుంటుంది. మీకు రావలసిన నీళ్లు ముందుకు వెళ్లిపోతాయి. ఎవరికీ తెలియదు, ఎందుకంటే సంపు నిండుగానే కనిపిస్తుంది. నల్లా వంతుకు ముందు సంపులో నీళ్లన్నీ పైట్యాంకులకు ఎక్కించి సంపును ఖాళీగా ఉంచమనండి. ఖర్చు లేకుండా మీకు ఎక్కువ నీళ్లు తెచ్చే పని ఇదొక్కటే. ఆ తర్వాత కూడా సంపు చాలకపోతే సెల్లార్‌లో రెండు సింటెక్స్ ట్యాంకులు కలపండి. పైపు సైజే అడ్డమని మీటర్ లెక్కల్లో తేలితే ఆ నోట్‌బుక్ పట్టుకుని పెద్ద కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టండి. నీళ్లు రావడం లేదని నోటిమాటగా చెప్పడం కంటే నెల రోజుల రీడింగులు చూపించడం వేరు. అధికారులు దాన్ని కాదనలేరు.

గంటల కోత ఎందుకు వద్దన్నానో చెప్తాను. నీళ్లు రెండు గంటలే వస్తాయంటే మనిషి సహజంగా చేసే పని, దొరికినన్ని బకెట్లు, డ్రమ్ములు, టబ్బులు నింపుకోవడం. మర్నాడు తాజా నీళ్లు రాగానే పాతవి పారబోసి మళ్లీ నింపుకుంటారు. వాడకం తగ్గదు, కొన్నిచోట్ల పెరుగుతుంది కూడా. ఆ గంటల్లో అందరూ ఒకేసారి తిప్పితే కొన్ని ఫ్లాట్లకు ధార వస్తుంది, పై అంతస్తు వాళ్లకు ట్యాంకు దగ్గరగా ఉండి ఎత్తు చాలక సన్నగా వస్తుంది. నిల్వ పెట్టిన డ్రమ్ముల్లో దోమలు గుడ్లు పెడతాయి. డెంగీ దోమకు శుభ్రమైన నిల్వ నీళ్లే ఇష్టం. వీటన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. కోత దెబ్బ ముందు పడేది సెల్లార్‌లో ఉండే వాచ్‌మన్ కుటుంబం మీద. వాళ్లకు ఉన్నదే ఒక నల్లా, నీళ్లు వదిలే గంటల్లో వాళ్లు అందరి కార్లూ, వాల్వులూ చూసుకుంటూ ఉంటారు. పనిమనిషి వచ్చే వేళకు నీళ్లు లేకపోతే మాట పడేదీ ఆమే. మీ నిర్ణయం ఏదైనా ఈ ఇళ్లకు నీళ్లు ఎలా అనేది ముందు రాసుకుని, తర్వాత మిగతావి రాయండి.

గంటల బదులు ట్యాంకుల లెక్క పెట్టండి. రోజుకు పైట్యాంకు ఇన్నిసార్లే నింపుతామని నిర్ణయించుకుని, ఎన్నిసార్లు నింపారో లిఫ్ట్ పక్కన బోర్డు మీద రాయండి. నీళ్లు రోజంతా ఉంటాయి, మొత్తం మాత్రం అందరికీ కనిపిస్తుంది. 135 నుంచి మనిషికి 100 లీటర్లకు దిగగలిగితే మీ అవసరం 24,000కు వస్తుంది. రోజుకు 8,400 లీటర్లు మిగులుతాయి. అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకరు ఒకటిన్నర పైన, ప్రతిరోజూ.

వంద లీటర్లతో బతకడం కష్టమేమీ కాదు, కానీ ఎక్కడ తగ్గించాలో తెలియాలి. తాగే నీళ్ల దగ్గరా, వంట దగ్గరా పొదుపు చేయబోకండి, అక్కడ మిగిలేది అంతంతమాత్రమే. నీళ్లు పోయేది బాత్రూములో. పాత ఫ్లష్ ట్యాంకు ఒక్క నొక్కుకు పది లీటర్లు వదులుతుంది. లీటరు సీసా నింపి మూత బిగించి అందులో పెడితే ప్రతిసారీ లీటరు మిగులుతుంది. ఫ్లష్‌లో చప్పుడు లేకుండా కారే లీకు రోజుకు వందల లీటర్లు తినేయగలదు. ట్యాంకులో కాస్త పసుపు కలిపి, ఎవరూ నొక్కకుండా పావుగంట ఆగి, కిందికి రంగు దిగుతోందా చూడండి. దిగితే లోపలి వాషర్ మార్చాలి. షవర్ నిమిషానికి పది లీటర్ల దాకా పోస్తుంది, బకెట్ స్నానం ఇరవై లీటర్లతో అయిపోతుంది. పాత ఆర్‌ఓ మెషీన్ లీటరు మంచినీళ్లకు మూడు లీటర్ల దాకా బయటికి వదులుతుంది, ఆ పైపు కింద బకెట్ పెట్టి ఇల్లు తుడవడానికి వాడండి. అసలు నల్లా నీళ్లే తాగేటప్పుడు చాలా ఇళ్లకు ఆర్‌ఓ అవసరం లేదు, కాచి వడపోస్తే చాలు.

అపార్ట్‌మెంట్ మొత్తానికి చేయాల్సిన పరీక్ష ఒకటుంది. రాత్రి రెండింటికి పైట్యాంకు మట్టం గుర్తు పెట్టి, మోటారు వేయకుండా నాలుగింటికి మళ్లీ చూడమనండి. ఆ వేళ వాడేవాళ్లు దాదాపు ఉండరు. అయినా మట్టం బాగా దిగిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. షాఫ్టుల్లో పైపులు ఒక్కొక్కటిగా మూసి చూస్తే ఏ వరుసలో ఉందో తేలుతుంది. ఇది చేయకుండా జనాన్ని పొదుపు చేయమనడం న్యాయం కాదు. అలాగే కింది రెండు అంతస్తులకు ప్రెషర్ తగ్గించే వాల్వు పెడితే చేతులు కడుక్కునేటప్పుడు పోయే నీళ్లు తగ్గుతాయి. ఫ్లాటుకో మీటరు పెట్టడం అన్నిటికంటే గట్టి మార్గం, ఎందుకంటే ఎవరి వాడకం వాళ్లకు కనిపిస్తుంది. కానీ పాత కట్టడాల్లో ఒక్కో ఫ్లాటుకు వంటింటికి, ఒక్కో బాత్రూముకు వేర్వేరు పైపులు దిగుతాయి. మూడు నాలుగు మీటర్లు కావాలి. ఆ ఖర్చు ముందే లెక్కగట్టి వచ్చే ఏడాదికి పెట్టుకోండి, ఈ వేసవిలో అవదు.

బోరు దగ్గరికి వద్దాం. మన ఊరి కింద ఉన్నది గట్టి గ్రానైటు. పైన కొంత లోతు వరకు రాయి కుళ్లి మొరంగా మారి ఉంటుంది, నీళ్లు నిలిచేది ప్రధానంగా అందులో. దాని కింద రాయిలో పగుళ్లుంటే నీళ్లు, లేకపోతే దుమ్ము. నది ఇసుక నేలల్లోలా లోతుకు వెళ్తే నీళ్లు దొరుకుతాయని ఇక్కడ చెప్పలేం. వెయ్యి అడుగులు దాటి వేసినా పొడి దుమ్మే లేచిన బోర్లు ఈ ఊళ్లో ఎన్నో. ఒకవేళ పడినా, అది మీ రెండో బోరుకో పక్క అపార్ట్‌మెంట్ బోరుకో వెళ్లే పగులే కావచ్చు. అప్పుడు కొత్త నీళ్లు వచ్చినట్టు కాదు, ఉన్న నీళ్లే చేయి మారినట్టు. నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి కూడా కావాలి. ఆ లక్షలు సంపు పెంచడానికి, లీకులు సరిచేయడానికి పెట్టండి.

నడుస్తున్న బోరును మాత్రం ఆగమాగం చేయకండి. అరగంటకు గాలి కొడుతోందంటే లోపలికి నీళ్లు ఊరే వేగం కంటే మీ మోటారు లాగే వేగం ఎక్కువ. ఆపకుండా నడిపితే మోటారు కాలిపోతుంది. టైమర్ పెట్టి ఇరవై నిమిషాలు నడిపి, రెండు గంటలు ఆపి, మళ్లీ నడిపించండి. నీళ్లు లేకపోతే మోటారు దానంతటదే ఆగిపోయే డ్రై రన్ రక్షణ పెట్టించండి. వీలైతే తక్కువ హార్స్‌పవర్ మోటారు దించండి. మొత్తం మీద రోజుకు వచ్చే నీళ్లు పెద్దగా తగ్గవు, బోరు మాత్రం వేసవంతా నిలబడే అవకాశం ఉంటుంది. లోతు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుండే అవకాశం మన ప్రాంతంలో ఉంది కాబట్టి తాగడానికి వాడకండి.

ఇంకుడు గుంత గురించి ఎవరో అడిగే ఉంటారు. మన ఊళ్లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన. మీ పైకప్పు 1,200 చదరపు మీటర్లనుకుంటే, ఎనభై శాతం పట్టినా ఏడున్నర లక్షల లీటర్ల పైచిలుకు. వినడానికి చాలా పెద్దది. మీ వాడకానికి అది ఇరవై నాలుగు రోజులకు సరి. అదే రెండు వందల గజాల్లో ఒక్క కుటుంబం ఉండే ఇల్లయితే కొన్ని నెలలకు వస్తుంది. అంతస్తులు పెరిగిన కొద్దీ తలా పంచుకునే వాన తగ్గుతుంది. కాబట్టి గుంత తవ్వితే నీళ్ల కరువే ఉండదని మీ వాళ్లకు ఆశ పెట్టకండి. బోరు బతికి ఉండటానికి అది కావాలి, అందుకని తప్పకుండా చేయండి. ఉన్న గుంత సంగతి కూడా చూడండి. ఏళ్ల తరబడి మట్టి పేరుకుంటే పైన గులకరాళ్లు కనిపిస్తాయి గానీ లోపలికి చుక్క దిగదు. జూన్‌కు ముందే మొత్తం తీయించి కడిగి మళ్లీ నింపించాలి. ఎండిపోయిన బోరును పూడ్చేయకండి. పైకప్పు నీళ్లను ఫిల్టర్ గుంత గుండా వడకట్టి అందులోకి దించవచ్చు. సెల్లార్ నీళ్లు, రోడ్డు నీళ్లు మాత్రం దాంట్లోకి ఎప్పుడూ పోనివ్వకండి. ఒకసారి భూమిలోకి దిగిన మురికిని ఎవరూ తీయలేరు.

ట్యాంకర్లు కొన్నాళ్లు తప్పవు. జలమండలి ట్యాంకరే బుక్ చేయండి, కొరత ముదిరేకొద్దీ ఆలస్యమవుతుంది కాబట్టి సంపు ఖాళీ అయ్యాక కాకుండా రెండు రోజుల ముందే పెట్టండి. ప్రైవేటు ట్యాంకరు తప్పదంటే ఏ బోరు నుంచి తెస్తున్నారో అడగండి, ఆ నీళ్లు స్నానానికి, ఫ్లష్‌కే వాడండి. టీడీఎస్ మీటర్ ముంచి అంకె తక్కువుంది కాబట్టి మంచివని చెప్తారు. టీడీఎస్‌లో లవణాలు తెలుస్తాయి, క్రిములు తెలియవు. క్లోరిన్ పరీక్ష కిట్టు చాలా చవక. నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకరు దించే ముందు వాచ్‌మన్‌కు ఆ పరీక్ష నేర్పితే రెండు నిమిషాల పని.

ఆదివారం మీటింగులో కొత్త బోరు గురించి ఓటింగ్ పెట్టకుండా వాయిదా వేయించండి. ఈలోగా వచ్చే మూడు నల్లా వంతుల ముందూ వెనకా మీటర్ రీడింగులు, సంపు పొడవు వెడల్పు లోతు, మీ కనెక్షన్ పైపు సైజు, రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య పైట్యాంకు ఎంత దిగిందో, ఇవన్నీ ఇక్కడే రాయండి. వాటిని బట్టి రోజుకు ఎన్ని ట్యాంకులు నింపాలో, ఎన్ని ట్యాంకర్లు కొనాల్సి వస్తుందో లెక్క వేసి ఇస్తాను.